పిడికిట్లో గవ్వ

గట్టు కట్టిన 63వ ఏడు, భాద్రపద బహుళ ఏకాదశి

ఈ పుస్తకం డాక్టరు హైమవతి గారు ఇచ్చారు. పరీక్ష జరిగిన ప్రతిసారీ ఏం విన్నానో, ఎన్ని గవ్వలు వేశానో రాయమన్నారు. ఆవిడ అడిగినప్పుడు లాంచీలో పంపాలి. అత్తకి రాయడం రాదు కాబట్టి నాకిచ్చారు. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే మన్నించాలి.

ఇవాళ పద్నాలుగు మందిని విన్నాం. పరీక్ష జరిగేది రేవు పక్కన రేకుల షెడ్డులో. మధ్యలో దళసరి గుడ్డ కడతారు. గుడ్డకి అవతల పరీక్షకొచ్చిన మనిషి, మిషను, మిషను చూసే సన్యాసిరావు బాబాయి ఉంటారు. ఇవతల పీటల మీద అత్త, నేను. మా ఇద్దరినీ ఊళ్ళో చెవులంటారు. ఎవరి ముంత వాళ్ళ ముందు ఉంటుంది. అవతలి మనిషి ఒక్క ఊపిరితో ఎంతసేపు వీలైతే అంతసేపు ‘ఆ’ అనాలి. తర్వాత ఇరవై దాకా లెక్కపెట్టాలి. గొంతు శుభ్రంగా ఉంటే మేం గవ్వ వెయ్యం. దాన్నే సున్నా అంటాం. కొంచెం గాలి పోతుంటే ఒక గవ్వ, బాగా పోతుంటే రెండు, గొంతు విరిగిపోతే మూడు.

మిషను కూడా అంకె చెబుతుంది. కాని ఒకే మనిషికి పొద్దున ఒకటి చెబుతుంది, ఎండెక్కాక ఇంకొకటి. తూర్పుగాలి వీస్తే వేరు, పక్కన పంపు నడిస్తే వేరు. ఈ మిషను మాట మీద పిల్లనివ్వకూడదని సన్యాసిరావు బాబాయి నవ్వుతాడు. అందుకే మనుషుల చెవులు కూడా పెట్టారు. ఇద్దరి గవ్వలూ కలిస్తే మిషను అంకె చూడరు. కలవకపోతే ఆ మనిషిని లాంచీలో పట్నం తీసుకెళ్ళి గొంతులోకి గొట్టం దించి చూస్తారు.

గొంతు పరీక్షలో తేడా వస్తే పడవ పోతుంది, లాకు పోతుంది. ఇక్కడ అందరివీ ఉప్పు మడుల్లో తిరిగిన చేతులు. వేలిముద్రలు ముప్ఫై ఏళ్ళకే అరిగిపోతాయి. తాళాలు రెండు వానలకి తుప్పుపడతాయి. పడవలు, లాకులు, ఇంటి తలుపులు, ఏది కదలాలన్నా గొంతుకే కదలాలి.

మా ఇంటి తలుపు నా గొంతుకి కదలదు. పెళ్ళై వచ్చిన రోజు గడప ముందు నిలబెట్టి మా ఆయన పేరు చెప్పమన్నారు. పేరు చెబితేనే లోపలికి రానిస్తామని ఆడబిడ్డలు అడ్డం నిలబడడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ ఆ మాటతోనే కొత్తకోడలి గొంతు తలుపుకి నేర్పుతారు. అంతమంది ముందు నాకు నోరు పెగల్లేదు. పెదాలు కదిపానంతే. తలుపు మిషను ‘గొంతు చాలదు’ అని రాసింది. నీళ్ళకి వెళ్ళొస్తే ఎవరో ఒకరు తీసేదాకా బిందెతో బయట నిలబడతాను.

అలాంటి దాన్ని ఇంకొకళ్ళ గొంతు వినడానికి ఎందుకు పెట్టారంటే, నా చెవులు మంచివి. మా అయ్య ఉప్పు మడుల దగ్గర పంపులు బాగుచేసేవాడు. వాషరు ఎక్కడ గాలి పీలుస్తోందో నన్ను చెవి ఆనించి చెప్పమనేవాడు. గొంతులో గాలి పోయినా అదే చప్పుడు.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, పుస్తకం ఇచ్చేముందు ఈ పేజీ చింపేస్తాను.

ఆరో మనిషిగా ఎర్రయ్యమ్మ పిన్ని వచ్చింది. గుడ్డ అడ్డమున్నా ఊళ్ళో గొంతులు తెలియవా. పిన్నిది పడమటి లాకు. పాటు సమయంలో లాకు తెరిచి ఉంటుంది, ఊరి మురుగు సముద్రంలోకి పోతుంది. పోటు రాకముందే పిన్ని సముద్రపు గట్టు మీద నిలబడి ‘ఓ’ అని పిలవాలి. వణక్కుండా పన్నెండు లెక్కలు నిలిపితే తలుపులు మూసుకుంటాయి. పదకొండుకి తెగితే కదలవు. పదిహేడేళ్ళుగా ఆ లాకు పిన్ని గొంతు ఒక్కటే వింటోంది.

పిన్ని ‘ఆ’ అనగానే దాని వెనకాల సన్నగా గాలి వినిపించింది. వాషరు అంచు నలిగినప్పటి చప్పుడు. నా వేళ్ళు గవ్వ తీశాయి.

కాని వెయ్యలేదు. అత్త కోసం ఆగాను. అత్త పెద్ద చెవి, పదకొండేళ్ళుగా వింటోంది. పెద్ద చెవి వేశాకే చిన్న చెవి వెయ్యాలని రూలేం లేదు. అసలు రూలు వేరు. ఒకరిది ఒకరికి తెలియకూడదని పీటల మధ్య చెక్క కూడా ఉండేది. అత్తాకోడళ్ళ మధ్య గోడేటని అత్తే ఆ చెక్క తీయించింది. ఎంత మంచి మాట అన్నావని అందరూ మెచ్చుకున్నారు.

నా మొదటి పరీక్షలో నేను అత్త కంటే ముందే గవ్వ వేశాను. అత్త అప్పుడేం అనలేదు. సాయంత్రం వాకిట్లో చేపలు ఆరబెడుతూ పక్కింటివాళ్ళతో అంది.

“మా కోడలికి నాకన్నా ముందే ఇనబడిపోతందర్రా. రేపు నానేటంటానో కూడా ఇయేళే సెప్పేస్తది.”

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. నేను చేపల బుట్ట ఎత్తుకుని లోపలికి పోదామంటే తలుపు తీసేవాళ్ళు లేక అక్కడే నిలబడాల్సి వచ్చింది. ఆరోజు నుంచి నేను ముందు వెయ్యను. మొహంలో కూడా ఏమీ కనబడనివ్వను. అత్త ముంతలో గవ్వ పడే చప్పుడు విని అన్నే వేస్తాను.

ఇవాళ అత్త ముంతలో చప్పుడు కాలేదు. నా పిడికిట్లో గవ్వ పిడికిట్లోనే ఉండిపోయింది. పిన్నికి సున్నా.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

మంచినీళ్ళుండే తీపి గుంట దగ్గర బట్టలు ఉతుకుతుంటే పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. నేను ఈ ఊరు వచ్చినప్పుడు నాతో మొదట మాట్లాడింది పిన్నే. పోటు ఎప్పుడొస్తుందో తిథిని బట్టి ఎలా లెక్కకట్టాలో, పడవకి ఎదురుగా ఎందుకు నడవకూడదో, అన్నీ తనే చెప్పింది. నేను జవాబు చెప్పకపోయినా తనకేం పట్టింపు లేదు, ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

ఇవాళ తక్కువ మాట్లాడింది. చీర పిండుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

“ఓలె గుంటా. అడక్కూడదు గాని అడుగుతన్నాను. మొన్న నా గొంతులో నీ సెవులకి ఏటైనా తగిలిందేటి?”

నేను సబ్బు చేతులు చూసుకున్నాను.

పొద్దుగూకేసరికి గొంతులో ఇసక పోసినట్టుంటోందని చెప్పింది. ఎవరితోనూ అనలేదట. పరీక్షకి ముందు కాగితం మీద ‘మీ గొంతు వల్ల మీకు ఏమైనా ఇబ్బంది ఉందా’ అని అడుగుతారు. ఆ కాగితం మీద ఇబ్బంది ఉందని ఊళ్ళో ఇంతవరకు ఎవరూ రాయలేదు. రాస్తే పడవ పోతుందని ఎవరికి తెలియదు. పిన్ని కూడా లేదనే రాసింది. కాని భయంగా ఉందట. వాళ్ళమ్మ ఇలాగే మొదలై మూడేళ్ళు మాట లేకుండా బతికి పోయింది. ముందే చూపిస్తే గీకి తీసేస్తారని, ముదిరితే ఏమీ చెయ్యలేరని పట్నం డాక్టర్లు అప్పుడన్నారట.

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. విన్నాను పిన్నీ, గాలి పోతోంది, లాంచీ ఎక్కు. కాని చెబితే అత్త సున్నా తప్పవుతుంది. కోడలు గుంట దగ్గర కూర్చుని అత్త లెక్క మారుస్తోందని సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

“సున్నాయే గదా పిన్నీ” అన్నాను.

పిన్ని మొహం తేటపడింది. తడి చేత్తోనే నా బుగ్గ పుణికింది.

“అదీ మాట. మిషను ఎర్రిదైనా మీ అత్తాకోడళ్ళు అబద్దం ఆడరు గదా. మరింక నాకేటి.”

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

పిన్ని గొంతులో గాలి పెరిగింది. పదమూడు లెక్కపెట్టేటప్పుడు ఒకసారి విరిగి అతుక్కుంది. మిషను కూడా పెద్ద అంకె చెప్పింది. ఇవాళ తూర్పుగాలి, దాని మాటకేం అని సన్యాసిరావు బాబాయి కొట్టేశాడు.

గవ్వ తీశాను. అత్త ముంత వైపు చెవి పెట్టాను. చప్పుడు లేదు. అత్త నా మొహంలోకి చూస్తోంది. నేను ఇంకా తల వంచుకున్నాను. గవ్వ అంచు అరచేతిలో దిగిపోయింది.

సాయంత్రం పట్నం నుంచి కబురొచ్చింది. గట్టు పొడుగునా ఇరవై రెండు పరీక్ష షెడ్లున్నాయి. రెండు చెవుల గవ్వలూ ఎక్కువసార్లు కలిసింది మా షెడ్డులోనట. నూటికి తొంభై ఎనిమిది. మా అత్తాకోడళ్ళ పేర్లతో ఇత్తడి పలక చేయిస్తున్నారు. డాక్టరు గారే వచ్చి షెడ్డుకి బిగిస్తారు.

మా ఆయన నాకోసం బెల్లం జీళ్ళు తెచ్చాడు. నీ చెవులు గట్టు అంతటికీ తెలిసిపోయాయని అన్నాడు. జీడి సగం కొరికి మళ్ళీ పొట్లంలో పెట్టేశాను.

కార్తీక శుద్ధ ఏకాదశి

పిన్నికి సున్నా. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

కార్తీక బహుళ ఏకాదశి

ఇవాళ నేను రెండు గవ్వలు తీశాను. రెండూ పిడికిట్లో ఒకదానికొకటి రాసుకుని కిచకిచమన్నాయి. ఆ చప్పుడు అత్తకి వినబడి ఉంటుందని, తిరిగి చూస్తుందని అనుకున్నాను. అత్త కదల్లేదు.

నాకు అప్పుడు ఒక సంగతి అర్థమైంది. నన్ను ఇక్కడ పెట్టింది గొంతులు వినడానికి. నేను విని, దాన్ని పక్కన పెట్టి, గవ్వల కోసం వింటున్నాను.

అమావాస్య పోటుకి ఇంకా నాలుగు రోజులుంది. చెబుదామని రెండుసార్లు పిన్ని ఇంటి దాకా వెళ్ళాను. లోపలి నుంచి దగ్గు వినిపించింది. తిరిగి వచ్చేశాను.

కార్తీక అమావాస్య

పొద్దున ఎనిమిదింటికి పోటు. రాత్రంతా తుపాను గాలి, సముద్రం మామూలు కంటే మూరెడు ఎత్తున లేచింది. మేమంతా గట్టు మీదకొచ్చాం. పిన్ని లాకు ముందు నిలబడి పిలిచింది.

ఏడో లెక్కకి తెగింది. మళ్ళీ పిలిచింది, ఐదుకే తెగింది. మూడోసారి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిన్ని రెండు చేతులతో మెడ పట్టుకుని, నోరు తెరిచి నిలబడింది. లాకు తలుపులు తెరిచే ఉన్నాయి. నీళ్ళు లోపలికొచ్చాయి.

మగవాళ్ళు పలకలు, ఇసక బస్తాలు వేసి ఆపడానికి మధ్యాహ్నమైంది. మా ఆయన మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు. మనుషులు ఎవరూ పోలేదు. కాని పడమటి పేటలో ఆరు తీపి గుంటలూ ఉప్పయ్యాయి. మళ్ళీ తాగే నీళ్ళు వానాకాలం తర్వాతే.

మార్గశిర శుద్ధ విదియ

ఇవాళ రేవు షెడ్డులో సభ జరిగింది. పలక బిగించడానికి లాంచీలో వచ్చిన డాక్టరు గారు కూడా కూర్చున్నారు. పలక గోనెపట్టలో చుట్టి గోడకి ఆనించి ఉంది.

గట్టు పెద్ద గౌరినాయుడు గారు పరీక్ష కాగితాలు చదివారు. నాలుగు పరీక్షలు, నాలుగు సున్నాలు. రెండు చెవులూ ఒకటే మాట. గట్టు మీద ఇంత నమ్మకమైన చెవులు ఇంకెక్కడా లేవని పట్నంవాళ్ళే పలక పంపారు. అంటే ఎర్రయ్యమ్మ గొంతులో ఏ లోపమూ లేదు. మరి లోపం ఎక్కడున్నట్టని అడిగారు.

పడమటి పేటవాళ్ళు లేచారు. వలల జాగా గురించి పిన్నికీ వాళ్ళకీ వేసవిలో పెద్ద తగాదా అయింది. కావాలనే పిలుపు తెంపిందని ఒకరన్నారు. పిన్ని ఏదో చెప్పబోయింది. మాట రాలేదు, ఊపిరి మాత్రం వచ్చింది. ఇప్పుడు నటిస్తోందని వెనకనుంచి ఎవరో నవ్వారు. పిల్లల గొంతులు ఎండబెట్టిన మనిషి ఈ గట్టు మీద ఉండకూడదని, రేపటి లాంచీలో ఎక్కించి దించేసి రావాలని గౌరినాయుడు గారు అన్నారు. అలా దించేసినవాళ్ళ గొంతు గట్టు మీద ఏ తలుపూ మళ్ళీ వినదు.

పిన్ని నన్ను చూసింది. కోపంగా కాదు. నువ్వే విన్నావు గదా, నా గొంతుకి ఏమైంది అని అడుగుతున్నట్టు చూసింది. సున్నా అని నేను చెప్పిన మాట తను ఇంకా నమ్ముతోంది.

నేను లేచి నిలబడ్డాను. అందరూ కూర్చున్నవాళ్ళే కాబట్టి అందరికీ కనబడ్డాను. మాట్లాడాను. ఎవరికీ వినబడలేదు.

“ఏటంటంది?” అన్నారెవరో. “గొంతు చాలని కోడలు గదా, కూకోమనండి” అన్నారు ఇంకొకరు.

డాక్టరు గారు లేచి నా దగ్గరికొచ్చి, చెవి నా నోటి దగ్గర పెట్టారు. నేను చెబుతుంటే ఒక్కో మాటా ఆవిడ పైకి అన్నారు. చెక్క తీసేశారని. అత్త ముంతలో గవ్వ పడితే నేను వేస్తానని, పడకపోతే వెయ్యనని. అన్ని నెలలూ అంతేనని. నా మాటలు ఆవిడ గొంతులో నిటారుగా వినిపించాయి. వింటుంటే అవి ఎంత సిగ్గుమాలినవో నాకే తెలిసింది.

“అంటే పైడమ్మా, గొంతులు నువ్వు వినలేదు. గవ్వలే విన్నావు. అంతేనా?” అని ఆవిడ అడిగారు.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. వినలేదంటే అది బద్ధకం. విని ఊరుకున్నానంటే అది వేరు. పిన్ని చూస్తోంది. నేను తలూపాను. వినలేదనే తలూపాను.

అప్పుడు అత్త లేచింది. గౌరినాయుడు గారు కూర్చోమన్నా అటు తిరగలేదు. ఆయన మాట అత్తకి వినబడలేదని నాకు అప్పుడు తెలిసింది.

“నాకు రెండేళ్ళ నించి సన్న సప్పుళ్ళు ఇనబడవు బావూ. గాలీ గీలీ నాకు తెలీదు. కోడలి మొకం సూసి ఏశాను. దానికి నుదురు ముడిపడితే ఒక గవ్వ, నేకపోతే నేదు. అందుకే సెక్క తీయించాను.”

నేను అత్త గవ్వ కోసం ఆగాను. అత్త నా మొహం కోసం ఆగింది. నా మొహాన్ని నేను కట్టేసుకున్నాను. పద్నాలుగేసి మంది వచ్చి మా ముందు ఊపిరి బిగబట్టి ‘ఆ’ అని వెళ్ళారు. తొంభై ఎనిమిది అంకె అలా వచ్చింది.

డాక్టరు గారు పిన్నిని వెలుతురులోకి తీసుకెళ్ళి, నోట్లో అద్దం పెట్టి చూశారు. గొంతులో శనగగింజంత గడ్డ ఉంది. పిన్ని మీద మాట కొట్టేశారు. రేపటి లాంచీలో వెళ్ళేది పట్నం ఆసుపత్రికి.

పలక విప్పకుండానే లాంచీలో పెట్టారు.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపు తీసి, నేను లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుంది. గంజి పొంగి పొయ్యిలో పడుతోంది, ఆ చప్పుడుకి తిరగలేదు. ఇన్నాళ్ళూ నేను పిలిస్తే పలకనిది నన్ను లెక్కచెయ్యక అనుకున్నాను. ఎదురుగా వెళ్ళి కూర్చుని, గిన్నె దించాను.

“నాతో మాటాడ్డం నీకు ఇష్టం నేదనుకున్నాను గుంటా” అంది అత్త.

మార్గశిర శుద్ధ తదియ

లాంచీ మధ్యాహ్నానికి. పొద్దున డాక్టరు గారు నన్ను, అత్తను షెడ్డుకి పిలిచారు. చెక్క మళ్ళీ పెట్టించారు. ముంతల అడుగున గుడ్డ పరిపించారు, గవ్వ పడినా చప్పుడు కాదు. మిషను దాచి ఉంచిన పాత గొంతులు ఇరవై, ఎవరివో చెప్పకుండా వినిపించారు. కాసేపాగి అవే ఇరవై వరస మార్చి మళ్ళీ వినిపించారు.

మా ఇద్దరి గవ్వలూ నూటికి నలభై సార్లే కలిశాయట. అత్తవి మొదటిసారికీ రెండోసారికీ పొంతన లేదు. అత్త నవ్వి, ముంత బోర్లించి, ఇక నేను చేపలే చూసుకుంటానంది. నవ్వాక కొంగుతో మొహం తుడుచుకుంది.

నావి ఇరవైకి పద్దెనిమిది రెండోసారి కూడా అంతే పడ్డాయట. డాక్టరు గారు ఆ కాగితం నా ముందు పెట్టి నాలుగు చోట్ల వేలుపెట్టి చూపించారు. ఒకటి, ఒకటి, రెండు, రెండు. రెండు విడతల్లోనూ అవే.

“ఈ నాలుగూ ఎర్రయ్యమ్మవి. ఆశ్వయుజం నుంచి మొన్నటిదాకా. చెవి తప్పు చెప్పదు పైడమ్మా. ఒకసారి వినగలిగితే ఎప్పుడైనా వింటుంది.”

ఇంకేమీ అడగలేదు. నిన్న నేను తలూపింది ఆవిడకి గుర్తుందని తెలుసు. నేను గవ్వలు లెక్కపెడుతున్నట్టు ముంతలోకి చూస్తూ కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, వచ్చే ఏకాదశి నుంచి నువ్వే పెద్ద చెవివి, చిన్న చెవిని పంపిస్తాను అని వెళ్ళిపోయారు.

రేవులో పిన్ని లాంచీ ఎక్కుతూ నా వైపు చెయ్యెత్తింది. నిజం చెప్పి తనని కాపాడానని అనుకుంటోంది. నేను కూడా చెయ్యెత్తాను.

మాఘ శుద్ధ ఏకాదశి

పిన్ని వచ్చి ఐదు రోజులైంది. గడ్డ తీసేశారు. నెల రోజుల ముందొచ్చి ఉంటే అంచు దాకా గీకాల్సిన పని ఉండేది కాదని అక్కడి డాక్టర్లు చెప్పారట. ప్రాణానికి భయం లేదు.

ఇవాళ పిన్నికి పరీక్ష. లాకు తిరిగి ఇవ్వాలో లేదో తేల్చే పరీక్ష. ఊరు ఊరంతా షెడ్డు బయట నిలబడింది. మొన్న తిట్టిన పడమటి పేటవాళ్ళే పిన్నికి అల్లం కాచి తెచ్చారు. అందరికీ పిన్ని నెగ్గాలని ఉంది. నాకూ ఉంది.

గుడ్డ అవతల పిన్ని ‘ఆ’ అంది. మాట వచ్చింది. కాని అంచు లేని గొంతు. గాలి మొదటి నుంచి చివరి దాకా పోతూనే ఉంది. పదహారు దగ్గర విరిగింది. మిషను ఇవాళ మంచి అంకె చెప్పింది. సన్యాసిరావు బాబాయి సంతోషం పట్టలేక దగ్గాడు. చెక్కకి అటువైపు కొత్త చిన్న చెవి ఎన్ని వేసిందో నాకు తెలియదు. గుడ్డ మీద గవ్వ పడితే వినబడదు.

రెండు గవ్వలు వేశాను.

చిన్న చెవిదీ రెండే. పడమటి లాకుకి వేరే గొంతు నేర్పుతారు.

సాయంత్రం పిన్ని ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటుంటే వెళ్ళాను. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ వలలు వేసుకుని ఉన్నారు. పిన్ని నన్ను చూసి పక్కకి జరిగింది. లాకు పోయినందుకు ఏమీ అనలేదు. “ఉన్నదే ఏశావు” అంది ఆ గాలి గొంతుతో. “పోన్నే. ఇప్పటికైనా సరిగ్గా ఇన్నావు.”

నేను కూర్చోలేదు.

“అప్పుడూ విన్నాను పిన్నీ” అన్నాను.

పిన్ని సూది ఆపింది. “ఏటి?”

“ఆశ్వయుజంలో. గుంట దగ్గర నువ్వు అడిగినప్పుడు. నాకు వినబడింది.”

“ఇనబడనేదు. గట్టిగా సెప్పు.”

మళ్ళీ చెప్పాను. పక్కన ఇద్దరు తలెత్తారు. పిన్ని నా మొహంలోకే చూస్తోంది. మొదటిసారే వినబడిందని ఆ చూపులో తెలుస్తోంది.

“ఇంకా గట్టిగా.”

“నీ గొంతు పోతందని నాకు తెలుసు. నాలుగుసార్లు విన్నాను. తెలిసే సున్నా అని సెప్పాను.”

అది నా గొంతేనా అనిపించింది. రేవు అవతల పడవ కడుగుతున్న మనిషి కూడా ఆగి చూశాడు. ఆడవాళ్ళందరి చేతులూ వలల మీద ఆగిపోయాయి. మా ఇంటి తలుపు అంత దూరంలో ఉన్నా వినేదేమో.

“ఆఁ” అంది పిన్ని. “ఇప్పుడు ఇనబడింది.”

వల లాగి, తెగిన కన్ను వెతుక్కుని, మళ్ళీ సూది దూర్చింది. వల కొస ఒకటి నా కాళ్ళ దగ్గర పడి ఉంది. పట్టుకోమంటుందేమోనని నిలబడ్డాను. పొద్దు పోయేదాకా నిలబడ్డాను. అనలేదు.

రేపు ఈ పుస్తకం లాంచీలో డాక్టరు గారికి పంపాలి. పేజీలన్నీ ఉన్నాయి. ఏదీ చింపలేదు.